మూడోసారి అడగాలి

తప్పెవరిదో తేల్చమంటే నా వల్ల కాదు గానీ, అది మొదలైంది మాత్రం ఏలూరు స్టేషను బయట. యాభై నాలుగో సంవత్సరం, నవంబరు నెల. పడాలా మానాలా అన్నట్టు సన్నగా చినుకులు పడుతున్నాయి.

నిత్యానందం తన నల్ల కారు పక్కన నిలబడి బేరం కోసం చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు, స్కూలు ఫైనలు ప్యాసైనవాడు, అప్పో సొప్పో చేసి కొనుక్కున్న టాక్సీని సొంతంగా నడుపుకుంటున్నవాడు. మనిషి బహు మెత్తన. కారు మటుకు మొండిది. హ్యాండిల్ పెట్టి నాలుగుసార్లు తిప్పితే గానీ మాట వినదు.

మెయిలు దిగిన జనంలోంచి ఒక అమ్మాయి తిన్నగా అతని దగ్గరికొచ్చింది. నీలం వాయిలు చీర, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, నెత్తిమీద పువ్వుల బొమ్మలున్న నూనెకాగితం గొడుగు. అలాంటి గొడుగు అతనెప్పుడూ చూడలేదు. గొడుగు చూద్దామనే తలెత్తాడు పాపం. దాని కింద రెండు కళ్ళు కనిపించాయి. ఇంకేం గొడుగు!

"మిషను కాంపౌండుకి ఎంత తీసుకుంటారు?"

"మీకు తోచింది ఇవ్వండి," అన్నాడు నిత్యానందం.

"నాకెలా తోస్తుంది? నేనీ ఊరు రావడం ఇదే మొదలు. కారు మీది, పెట్రోలు మీది. రేటు మీరే చెప్పాలి."

అతనికి చెమటలు పట్టాయి. బేరమాడేవాళ్ళతో వేగడం తెలుసు గానీ, ఇలా నిలదీసి రేటు అడిగేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. "రూపాయండీ," అన్నాడు, ఎప్పుడూ తీసుకునేదానికన్నా పావలా తగ్గించి.

కాంపౌండు గేటు దగ్గర దిగాక ఆ అమ్మాయి రూపాయి ఇచ్చింది. తర్వాత పర్సులోంచి ఇంకో అర్ధరూపాయి బిళ్ళ తీసి చాపింది. "ఇది మీకు. జాగ్రత్తగా తీసుకొచ్చారు."

"అబ్బే, ఎందుకండీ!" అన్నాడు నిత్యానందం, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని.

"ఓ, సారీ," అంది ఆ అమ్మాయి. బిళ్ళ పర్సులోకి వెళ్ళిపోయింది. పర్సు టక్కున మూసుకుంది. అతను అక్కడే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదట వద్దనాలి. అది మర్యాద. రెండోసారి అడిగితే "అయ్యో, పర్లేదండీ" అనాలి. అది మొహమాటం. మూడోసారి అడిగినప్పుడు చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. నిత్యానందం తల్లి హన్నమ్మ అతనికిది పాలతోపాటు పట్టించింది. ఏడేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో గారెలు వడ్డించే ఆవిడ రెండోసారి అడగడం మరిచిపోతే, ఒక్క గారె ముట్టకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. అప్పుడు కూడా ఆవిణ్ణే తిట్టుకున్నాడు గానీ మర్యాదని తప్పు పట్టలేదు.

ఆ అమ్మాయి పేరు పుష్పలత. పుట్టిందీ పెరిగిందీ మలయా దేశంలో, పినాంగులో. వాళ్ళమ్మ నేర్పిన మర్యాద ఇంకొకటి. ఎదుటి మనిషి వద్దంటే వద్దనే. మళ్ళీ బలవంతం చేస్తే వాళ్ళ మాటకి విలువివ్వనట్టు.

చూశారుగా, ఇద్దరూ మర్యాదస్తులే. వచ్చిన చిక్కంతా అక్కడే.

* * *

మర్నాడే మళ్ళీ కబురొచ్చింది. పుష్పలత మేనత్త నాగరత్నంగారు మిషను బళ్ళో టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఆదివారం చర్చిలో నిత్యానందం డోలక్ వాయిస్తుంటే చూసి, బుద్ధిమంతుడని గుర్తు పెట్టుకుంది. పుష్పలత నాన్న చిన్నప్పుడు కొల్లేటి లంకల్లో పెరిగి, తర్వాత ఓడెక్కి మలయా వెళ్ళిపోయాడు. ఒక్కసారి వెళ్ళి ఆ నీళ్ళు చూసి రమ్మని కూతుర్ని పంపాడు. ఉన్న మూడు వారాలూ అమ్మాయిని తిప్పాలి.

"మీరు కూడా వస్తారాండీ?" అని అడిగాడు నిత్యానందం, కాస్త దిగులుగానే.

"రాక? పెళ్ళికావలసిన పిల్లని ఒంటరిగా పంపుతానా?" అంది నాగరత్నంగారు. కారు ఊరు దాటకముందే వెనక సీట్లో నిద్రపోయింది. ఆవిడ నిద్ర అంత గొప్ప నిద్ర ఆ జిల్లాలో ఉండదు.

పుష్పలత ఆవిడ పక్కన తల వంచుకుని, ఒళ్ళో ఉన్న చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. అద్దంలోంచి ఆ వంగిన తల, చెవి మీదికి జారిన ముంగురులు కనిపిస్తున్నాయి. నిత్యానందం రోడ్డు కూడా చూస్తూనే ఉన్నాడు, అబద్ధమెందుకు, అప్పుడప్పుడూ.

"ఏం రాసుకుంటున్నారండీ?"

"ఆఫీసు పని. పినాంగులో ఓడల కంపెనీలో టైపిస్టుని. ఏ దేశం వెళ్ళేవాళ్ళకి ఆ దేశంలో ఎవరికి ఎంత టిప్పు ఇవ్వాలో ఒక కాగితం కొట్టి టిక్కెట్టుతో పాటు ఇస్తాం. తెలీక జనం నానా అవస్థా పడతారు."

"ఇవ్వడానికి అవస్థేమిటండీ?"

"అయ్యో, మీకు తెలీదు. ఒకాయన జపాన్‌లో హోటలమ్మాయి చేతిలో డబ్బు పెట్టాడట. ఆ పిల్ల వీధి చివరిదాకా పరుగెత్తుకొచ్చి, మీరు డబ్బు మర్చిపోయారని తిరిగిచ్చేసింది. అక్కడ ఇస్తే చిన్నతనం. లండన్‌లో టాక్సీ డ్రైవరుకి ఇవ్వకపోతే మనకి చిన్నతనం. ఓడలో మన గది సర్దే మనిషికి రోజూ ఇవ్వకూడదు, దిగేరోజున కవర్లో పెట్టి ఒక్కసారే ఇవ్వాలి. ఇస్తూ కవరు వంక చూడకూడదు, అతని మొహం వంక చూడాలి."

"మొహం వంకాండీ?"

"అవును, ఇలా." అద్దంలోంచి సూటిగా అతని కళ్ళలోకి చూసింది.

నిత్యానందం చప్పున స్టీరింగు తిప్పి ఒక గేదెని తప్పించాడు. గేదె వెనక్కి తిరిగి చూసింది. నాగరత్నంగారు మాత్రం కదల్లేదు.

"మరి ఏలూరు గురించి ఏం రాశారండీ?" అని అడిగాడు, గుండె కుదుటపడ్డాక.

పుష్పలత గర్వంగా చదివింది. "'ఏలూరు. డ్రైవర్లు టిప్పు పుచ్చుకోరు. ఇవ్వబోతే నొచ్చుకుంటారు.' మీవల్లే తెలిసింది. వెళ్ళగానే కొత్త కాగితంలో అచ్చు వేయిస్తాను."

అతని ప్రాణం ఉసూరుమంది. కారు ముందు టైర్లు రెండూ అరిగి నున్నగా ఉన్నాయి. పైగా ఇదిప్పుడు అచ్చులో పడితే ఊళ్ళో టాక్సీవాళ్ళందరి పొట్టా కొట్టినట్టే. కానీ ఎలా చెప్పడం? "లేదండీ, మేం పుచ్చుకుంటాం" అంటే చెయ్యి చాపినట్టు కాదూ?

"చాలా బాగా రాశారండీ," అన్నాడు.

* * *

కొల్లేటి గట్టు దగ్గర కారాపాక నాగరత్నంగారికి మెలకువ వచ్చింది. నీళ్ళు చూసి "నేను దోనె ఎక్కను, నువ్వు వెంటవెళ్ళు నాయనా" అని నిత్యానందానికి అప్పజెప్పి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

దోనె నడిపే సూర్రావు యాభై ఏళ్ళ మనిషి. రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి, మీద చెక్క పరిచి, పొడుగాటి వెదురు గడ వేసి తోస్తాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చప్పుడు కాకుండా తుంగ మధ్యలోంచి పెద్ద నీటిలోకి తీసుకెళ్ళాడు.

ఆ రోజు నీళ్ళకి అవతలి ఒడ్డు లేదు. మబ్బంతా నీటిలోకి దిగొచ్చింది. కలువలు విచ్చీ విచ్చకుండా ఉన్నాయి. దూరంగా గూడబాతులు వందలకొద్దీ, ఏదో మీటింగుకి వచ్చి మాట్లాడేవాడి కోసం ఎదురుచూస్తున్నట్టు వరసగా కూర్చున్నాయి. గడ నీటిలో దిగినప్పుడు వచ్చే బుడగల చప్పుడు తప్ప ఏమీ వినపడటంలేదు. పుష్పలత బూట్లు విప్పేసి, చెయ్యి నీటిలో వేసి అలా వదిలేసింది. ఆ వేళ్ళ వెంట సన్నటి గీత ఒకటి నీటిమీద సాగుతూ వచ్చింది. నిత్యానందం ఎంతసేపు ఆ గీతనే చూశాడో అతనికే తెలియదు.

"నాన్న జ్వరం వచ్చినప్పుడల్లా ఈ నీళ్ళ గురించే మాట్లాడేవాడు," అంది ఆమె. "నేను అతిశయోక్తి అనుకునేదాన్ని. తక్కువే చెప్పాడు."

"మళ్ళీ రేపు కూడా వద్దామండీ," అన్నాడు నిత్యానందం. తర్వాత సిగ్గుపడి, "మీ నాన్నగారి కోసం" అని కలిపాడు.

ఆమె నవ్వింది. చినుకులు మొదలయ్యాయి. గొడుగు విప్పి సగం అతని వైపు వంచింది. ఎర్రపువ్వుల నీడ ఇద్దరి మీదా పడింది. గడ తోస్తున్న సూర్రావు గూడబాతుల వైపు తిరిగి బహు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

గట్టు చేరాక పుష్పలత కిరాయి ఇచ్చి, ఇంకో పావలా తీసింది. "ఇది మీకు."

"వద్దు తల్లీ, ఎందుకమ్మా!" అన్నాడు సూర్రావు.

"సారీ అండీ." టక్, పర్సు మూసుకుంది. ఆమె కారు వైపు నడిచింది.

సూర్రావు కళ్ళు తేలేశాడు. నిత్యానందం చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "ఏంటి బాబూ, ఒక్క మాటకే లోపలెట్టేసింది? ఇంకోసారన్నా అడగదా?"

"ఆవిడకి మన పద్ధతి తెలీదు సూర్రావుగారూ."

"మరి నువ్వు చెప్పొచ్చు గదా!"

"ఎలా చెప్పనండీ? నేనూ పుచ్చుకునేవాణ్ణే. నా కోసం అడిగినట్టుండదూ?"

సూర్రావు చొక్కా వదిలేశాడు. "అదీ నిజమేలే," అన్నాడు.

నిత్యానందం తన జేబులోంచి పావలా తీసిచ్చాడు. సూర్రావు రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు.

అలా రోజులు గడిచాయి. దారిలో కాఫీ హోటలు ముందు ఆగినప్పుడల్లా పుష్పలత "కాఫీ తాగుతారా?" అని అడిగేది. "వద్దండీ" అనేవాడు. ఆమె ఒక్కర్తీ తాగేది. కాఫీ అంటే ప్రాణమిచ్చే మనిషి, ఎదురుగా కూర్చుని వాసన పీలుస్తూ కబుర్లు చెప్పేవాడు. మామిడితాండ్ర ఇస్తే వద్దన్నాడు. చలిగాలికి శాలువా ఇస్తే వద్దన్నాడు. అమ్మగారూ అనొద్దు, పేరు పెట్టి పిలవమంటే మాత్రం, ఎలా నోరు పెగిలిందో, "అలాగేనండీ పుష్పలతగారూ" అన్నాడు. అది ఒక్కటే మొదటిసారికే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి దాన్ని తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాడు.

"మీకసలు ఏమీ అక్కర్లేదా?" అని అడిగింది ఒకనాడు.

"ఏముంటాయండీ నాకు," అన్నాడు.

"అదృష్టవంతులు," అంది పుష్పలత. ఆమె మొహంలో నవ్వులేదు.

* * *

మూడో వారం గడిచేసరికి విషయం ముదిరింది. గర్ల్స్ స్కూల్లో ఇంగ్లీషూ, టైపూ చెప్పే టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. నాగరత్నంగారి మాట మీద వాళ్ళు పుష్పలతకి కాగితం పంపారు. ఇరవై ఆరో తేదీ సాయంత్రంలోగా ఒప్పుకున్నట్టు తెలపాలి. అదే రోజు మధ్యాహ్నం ఆమె ఎక్కాల్సిన మెయిలు. ముప్ఫయ్యో తేదీన మద్రాసులో ఓడ. ఓడెక్కితే మళ్ళీ ఈ దేశం మొహం ఎప్పుడు చూస్తుందో తెలియదు.

ఇరవై నాలుగున ఆఖరిసారి కొల్లేరు వెళ్ళారు. దోనె దిగేసరికి వాన దంచేసింది. గట్టు మీద వలలు దాచుకునే పాక ఒకటుంటే అందులోకి పరుగెత్తారు. సూర్రావు దోనె కట్టెయ్యడానికి వెళ్ళాడు. తడికె సందుల్లోంచి తుంపర లోపలికొస్తోంది. ఎండువలల వాసన, తడిమట్టి వాసన, ఆమె జడలో చేమంతుల వాసన.

"ఒక సంగతి అడుగుతాను," అంది పుష్పలత, వాన వైపే చూస్తూ. "నాకు డొంకతిరుగుడు రాదు. స్కూలు ఉద్యోగం ఒప్పుకుంటే నాన్నని, ఇంటిని, పనిని అన్నీ వదులుకోవాలి. కష్టమే. కానీ మీరు ఉండమంటే ఉండిపోతాను. మీకోసం. ఉండనా?"

అతని గుండె లోపల పది డోలకులు ఒక్కసారి మోగాయి. ఏ కోరికనైతే ఎవరితోనూ అనలేక దిండుకి చెప్పుకుంటున్నాడో, అది వచ్చి ఎదురుగా నిలబడి ఉండనా అని అడుగుతోంది. అతను నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, ఇరవై ఆరేళ్ళ అలవాటు, వచ్చేసింది.

"అబ్బే, నాకోసం మీరెందుకండీ అంత కష్టపడటం!"

పుష్పలత అతని వైపు తిరిగి చూసింది. ఒక్క క్షణం. "సరేనండీ," అంది.

మళ్ళీ వాన వైపు తిరిగింది.

నిత్యానందం ఎదురుచూశాడు. అడుగుతుంది, ఇంకోసారి అడుగుతుంది. మూడోసారి దాకా ఎందుకు, రెండోసారికే ఒప్పేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. వాన సన్నబడింది. అడగలేదు. చూరు నీళ్ళు ఆగిపోయాయి. అడగలేదు. సూర్రావు వచ్చి "వాన ఎలిసింది, బయల్దేరండమ్మా" అన్నాడు. ఆమె ముందు నడిచింది. బురదలో కాలు జారితే అతను చెయ్యి అందించాడు. "వద్దండీ," అంది. ఆమె వద్దంటే వద్దనే.

ఆ సాయంత్రం కొడుకు అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉంటే హన్నమ్మ ఊరుకోలేదు. గుచ్చి గుచ్చి అడిగి అంతా లాగింది.

"అయితే మూడోసారి అడగలేదా?"

"రెండోసారే అడగలేదమ్మా."

హన్నమ్మ గరిటె కింద పెట్టేసింది. "నా తప్పేరా," అంది. "మర్యాద నేర్పాను గానీ, కావలసింది కావాలని చెప్పడం నేర్పలేదు. వెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పనే? వద్దన్నవాణ్ణి నేనే. ఆ పిల్ల మనసు విరిగిపోయి ఉంటుంది. అయినా టాక్సీవాడి కోసం అంత దూరం నుంచి అన్నీ వదులుకుని రమ్మనడానికి నాకేం హక్కుంది?" అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

* * *

ఇరవై ఆరున తాడేపల్లిగూడెం ప్రయాణం. అక్కడ రైసుమిల్లులో పనిచేసే పుష్పలత చిన్నమావయ్యకి చెప్పి, అక్కడే బండెక్కాలి. కారు దెందులూరు దాటింది. రోడ్డుకి రెండువైపులా వరి కోతకొచ్చి ఉంది. నాగరత్నంగారు మేలుకునే ఉందంటే మీకే అర్థమవ్వాలి, ఆ రోజు పరిస్థితి ఎలా ఉందో. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. అద్దంలోకి చూడటానికి నిత్యానందానికి ధైర్యం చాలలేదు.

మావయ్య దగ్గర సెలవు తీసుకుని స్టేషను చేరేసరికి బండి రావడానికి పావుగంట ఉంది. నాగరత్నంగారు దారిలోకి కమలాపళ్ళు కొనడానికి వెళ్ళింది. జోగారావని ఒక ముసలి కూలీ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా మోసుకొచ్చాడు. రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఆగేది అక్కడే. ట్రంకు దించేసరికి అతనికి రొప్పు వచ్చేసింది. పుష్పలత కూలి ఇచ్చి, ఇంకో పావలా తీసింది.

"ఇది మీకు తాతా."

"అబ్బే, ఎందుకు తల్లీ, వద్దు," అన్నాడు జోగారావు, ఆయాసపడుతూనే.

"సారీ," అంటూ ఆమె పర్సు తెరిచింది.

"మళ్ళీ అడగండి," అన్నాడు నిత్యానందం.

ఆ గొంతు అంత గట్టిగా వస్తుందని అతనే అనుకోలేదు. పుష్పలత తిరిగి చూసింది. "వద్దన్నాడుగా?"

"మళ్ళీ అడగండి. దయచేసి."

ఆమె అయోమయంగా బిళ్ళ చాపింది. "తీసుకోండి తాతా."

"అయ్యో, పర్లేదమ్మా."

"ఇంకోసారి," అన్నాడు నిత్యానందం.

"తాతా... తీసుకోండి."

జోగారావు చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. "చల్లగా ఉండు తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి," అని బిళ్ళ కళ్ళకద్దుకున్నాడు.

పుష్పలత చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఆ చేతి వంక చూసుకుంది. తర్వాత అతని వంక చూసింది.

"సూర్రావు?" అంది.

"కావాలండీ."

"మీరు కాఫీ తాగరుగా?"

"రోజుకి నాలుగుసార్లు తాగుతానండీ."

"ఆ మొదటి రోజు అర్ధరూపాయి?"

"టైర్లు కొనుక్కోవాలండీ."

జోగారావు కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "మరి ఆ రోజు పాకలో?"

అతను నోరు తెరిచేలోగా చెయ్యెత్తి ఆపేసింది. "వద్దు, చెప్పొద్దు! చెప్పినా నేనెలా నమ్మను? మర్యాద కోసం వద్దనేవాళ్ళు, మర్యాద కోసం అవునని మాత్రం అనరా? ప్లాట్‌ఫారం మీద ఏడుస్తున్న ఆడపిల్లని చూసి జాలిపడి ఉండమంటే, అది పట్టుకుని నేను మా నాన్నని వదులుకోవాలా? ఇవాళ ఉండమంటారు. రేపు నేను టీ ఇస్తే వద్దంటారు. ఏది నిజమో మీ మొహం చూసి జీవితమంతా లెక్కలు కట్టుకోనా?"

సిగ్నలు వాలింది. దూరంగా పొగ కనిపించింది. జనం పెట్టెలు సర్దుకుని లేస్తున్నారు.

నిత్యానందం ఆమె మొహం వంక చూశాడు. అప్పుడు చెప్పాడు.

"వద్దనడం మాకు చిన్నప్పుడే నేర్పేస్తారండీ. అది ఎవరితోనైనా అనేస్తాం. కావాలి అనడం ఎవరూ నేర్పలేదు. నాకిప్పటిదాకా ఆ మాటతో పని పడలేదు, అంత కావలసింది ఏదీ ఎదురురాలేదు గనుక. మీరు ఇంక నన్ను అడగక్కర్లేదు. నేనే అడుగుతున్నాను. మీరు నాకు కావాలి. దిగిన రోజునుంచీ కావాలి. ఉండిపోతే మీకు కష్టమే, నాకు తెలుసు. మీ నాన్నగారు గుర్తొచ్చి ఏడుస్తారు. నాకున్నది ఈ పాతకారు, మా అమ్మ, అంతే. అయినా ఉండిపోండి. నాకోసం కష్టపడండి. నేనూ పడతాను. కాదంటే ఇప్పుడే ట్రంకు బండెక్కించి వెళ్ళిపోతాను, మీ మాట మీద రెండోమాట అనను. మీరు వద్దంటే వద్దనే కదండీ."

బండి వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిరిలో కాసేపు ఎవరూ ఎవరికీ కనబడలేదు. ఆవిరి తేలిపోయేసరికి పుష్పలత ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

కమలాపళ్ళ బుట్టతో నాగరత్నంగారు రొప్పుకుంటూ వచ్చింది. "పుష్పా! ఎక్కవేమే? మూడు నిమిషాలే ఆగుతుంది!"

పుష్పలత చేతులు తీసింది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే నవ్వింది.

"అత్తయ్యా, ఇక్కడినుంచి స్కూలుకి టెలిగ్రాం ఇస్తే సాయంత్రంలోగా చేరుతుందా?"

నాగరత్నంగారు మేనకోడలి వంక చూసింది. నిత్యానందం వంక చూసింది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, ఎవరు ఏం చేశారో మొహాలు చూస్తే తెలిసిపోతుంది. పళ్ళబుట్ట తీసుకెళ్ళి జోగారావు చేతిలో పెట్టేసింది.

"చేరకపోతే నేనే వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ ముందు కూర్చుంటాను," అంది. తర్వాత నిత్యానందానికి వేలు చూపించింది. "నువ్వు మటుకు ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మని తీసుకుని మా ఇంటికి రా. భోజనానికి."

"వస్తామండీ," అన్నాడు నిత్యానందం వెంటనే.

గార్డు ఈల వేశాడు. జోగారావు ట్రంకు మళ్ళీ నెత్తికెత్తుకుని కారు వైపు నడిచాడు. వెనకాలే ముగ్గురూ నడిచారు, ఇద్దరు దగ్గర దగ్గరగా, ఒకరు కావాలని నాలుగడుగులు ముందు. బండి కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్క సీటొకటి మద్రాసు దాకా ఖాళీగా వెళ్ళింది.